పార్టీలు నిజంగా జనాన్ని కూర్చోబెట్టి, మాట్లాడనిచ్చి, ఆ తర్వాత నిర్ణయం తీసుకున్న చోటు ఎక్కడైనా ఉందా?

వైట్‌ఫీల్డ్ వాసి:

అందరికీ నమస్తే. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా, దయచేసి మా పార్టీ మీ పార్టీ అని గొడవ మొదలుపెట్టొద్దు.

మాది కడప వైపు. కుందలహళ్ళి దగ్గర సెటిల్ అయి చాలా ఏళ్ళయింది, ఓటు కూడా ఇక్కడికే మార్చుకున్నాం. బెంగళూరులో ఉండేవాళ్ళకి తెలిసిందే, పాత బీబీఎంపీ (బెంగళూరు సిటీ కార్పొరేషన్) కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లో అయిపోయాక ఏళ్ళకేళ్ళు కార్పొరేటర్ అనే మనిషే లేడు, తర్వాత 2025లో సిటీని ఐదు కార్పొరేషన్లు చేసి పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ అని పెట్టి దానికి ముఖ్యమంత్రినే ఛైర్మన్ చేశారు. వార్డ్ ఎలక్షన్ల మాట వినపడిన దగ్గర్నుంచి పార్టీలవాళ్ళు అపార్ట్‌మెంట్లకి రావడం మొదలైంది. మా దగ్గరికి ఒక పార్టీ వాళ్ళొచ్చి ఫారాలు పంచి మీ సమస్యలు రాయండి, మేనిఫెస్టోలో పెడతాం అన్నారు. మావాళ్ళు మురుగునీళ్ళు, ట్యాంకర్ రేట్లు అన్నీ రాసి, గేటు ముందు ఫుట్‌పాత్ మీద తోపుడు బండ్లు తీయించమని కూడా రాశారు. తర్వాత కూరగాయల బండి ఆవిడతో మాట్లాడుతుంటే తెలిసింది, అదే పార్టీ వాళ్ళు వాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళారు, మమ్మల్ని ఇక్కడ్నుంచి లేపొద్దని వాళ్ళు చెప్పారు, సరే అన్నారట. మాకూ సరే, వాళ్ళకీ సరే. మమ్మల్నీ వాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు, అదే నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆవిడతో పది నిమిషాలు మాట్లాడితే మధ్యేమార్గం నాకే కనపడింది.

ఈ మధ్య డెలిబరేటివ్ డెమోక్రసీ గురించి కొంచెం చదివా. మామూలు జనాన్ని లాటరీ తీసి పిలిచి, అన్ని వైపుల వాదనలు వినిపించి, వాళ్ళలో వాళ్ళు తీరిగ్గా మాట్లాడుకున్నాక వచ్చిన మాటని ప్రభుత్వం ముందు పెట్టడం అని నాకర్థమైంది. నా డౌటేంటంటే పార్టీలు దీనికి ఎందుకు ఒప్పుకుంటాయి? వాళ్ళ చేతిలో పవర్ వాళ్ళే వదులుకున్నట్టు కదా. ఎక్కడైనా ఒప్పుకున్నారా, ఒప్పుకుని మాట మీద నిలబడ్డారా? మన దగ్గర, అంటే ఇక్కడ కర్ణాటకలో గానీ ఆంధ్ర తెలంగాణల్లో గానీ ఇలాంటిది జరిగిందా?

డబ్లిన్ నుంచి వచ్చేశా:

బ్రో, నేను కొన్నేళ్ళు ఐర్లండ్‌లో పనిచేసి మళ్ళీ బెంగళూరు వచ్చేశా, 2018లో అక్కడే ఉన్నా కాబట్టి ఆ సంగతి చెప్తా.

అక్కడ రెండుసార్లు పెద్దగా చేశారు. మొదటిది 2012లో మొదలైన కాన్‌స్టిట్యూషనల్ కన్వెన్షన్, 100 మంది, అందులో 66 మంది మామూలు జనం, 33 మంది రాజకీయ నాయకులు, ఒకరు ఛైర్మన్. నాయకులు ఓ మూల కూర్చుని చూడలేదు, అదే బల్లల దగ్గర జనంతో కలిసి కూర్చున్నారు. స్వలింగ వివాహాల మీద వాళ్ళ సిఫార్సు 2015 మేలో రెఫరెండానికి, అంటే జనం నేరుగా అవును కాదు అని వేసే ఓటుకి వెళ్ళి 62 శాతంతో పాసైంది. రెండోది 2016లో, ఈసారి నాయకులు లేరు, లాటరీలో వచ్చిన 99 మంది జనం, సుప్రీంకోర్టు జడ్జి మేరీ లాఫోయ్ ఛైర్‌పర్సన్. దాని ముందున్న ముఖ్యమైన విషయం అబార్షన్ చట్టం. మన కర్ణాటక అమ్మాయి, బెళగావి నుంచి వెళ్ళిన డాక్టర్ సవిత హలప్పనవర్ 2012 అక్టోబర్‌లో గాల్వే ఆసుపత్రిలో చనిపోయింది గుర్తుందా, అబార్షన్ అడిగితే చెయ్యలేదు. ఆ అమ్మాయి ఫొటో 2018లో డబ్లిన్ గోడల మీద చూసినప్పుడల్లా గొంతు పట్టేసేది నాకు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తా. ఆ రెండు పెద్ద పార్టీలకీ, ఫినె గేల్‌కీ ఫియన్న ఫాయిల్‌కీ, ఈ విషయం ముట్టుకోవాలంటేనే భయం. పార్టీ లోపలే సగం ఇటు సగం అటు, పల్లెల్లో చర్చి, సిటీలో యూత్, ఎటు మాట్లాడినా ఓట్లు పోతాయి. అందుకే జనసభకి ఇచ్చారు. అంటే మంచి మనసుతో మొదలైంది కాదు, తప్పించుకోవడానికే మొదలైంది, కానీ ఆ 99 మంది వారాంతాల్లో కూర్చుని డాక్టర్లనీ లాయర్లనీ అనుభవించిన ఆడవాళ్ళనీ విని ఎవరూ ఊహించనంత దూరం వెళ్ళారు. కారణం చెప్పక్కర్లేకుండానే అనుమతించాలని 64 శాతం మంది ఓటేశారు. పార్లమెంటు వాళ్ళు దాన్ని పక్కన పడెయ్యకుండా అన్ని పార్టీల కమిటీకి పంపారు, తర్వాత రెండు పార్టీలూ తమ సభ్యులకి ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు ఓటెయ్యండి అని వదిలేశాయి. ఫియన్న ఫాయిల్ నాయకుడు మైకేల్ మార్టిన్ తన పార్టీలో చాలామంది వ్యతిరేకిస్తున్నా నేను మార్పు వైపే అని సభలో లేచి చెప్పాడు. 2018 మే 25న రెఫరెండం, 66 శాతం అవును.

కానీ అన్నీ ఇలాగే జరిగాయని చెప్తే అబద్ధం. మొదటి కన్వెన్షన్ ఓటు వయసు 16కి తగ్గించమంది, అది రెఫరెండం దాకా రానే లేదు. ప్రెసిడెంట్‌గా పోటీ చేసే వయసు 35 నుంచి తగ్గించమంటే దాన్ని మాత్రం 21కి తగ్గిద్దామా అని 2015లో జనం ముందు పెట్టారు, 73 శాతం వద్దన్నారు. ఏది బయటికి తియ్యాలి ఏది లోపలే ఉంచాలి అన్నది ప్రభుత్వంలో ఉన్నవాళ్ళే చూసుకున్నారు. నా దృష్టిలో అసలు కీలకం అక్కడే ఉంది.

అనంతపురం లెక్చరర్:

పైన తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, దానికి ఇంకో ముక్క కలుపుతా. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఒక మాట, గెలిచాక ఒక మాట అన్నది మనకే పరిమితం కాదు, అయితే మాట నిలబెట్టుకున్న పార్టీ కూడా ఉంది.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా. 1996లో అక్కడి లిబరల్ పార్టీకి ఓట్లు ఎక్కువొచ్చినా సీట్లు తక్కువొచ్చి ఓడిపోయింది. కడుపుమండి ఎన్నికల పద్ధతే మార్చాలి, అది జనమే తేల్చాలి అని హామీ ఇచ్చారు. 2001లో ఏమైందంటే అదే పాత పద్ధతిలో 79 సీట్లకి 77 గెలిచేశారు. ఇంక మార్చాల్సిన అవసరం ఏముంది? అయినా గోర్డన్ క్యాంప్‌బెల్ మాట మీద నిలబడి 2004లో 160 మందిని, ప్రతి నియోజకవర్గం నుంచీ ఒక ఆడమనిషి ఒక మగమనిషి లెక్కన, ఇంకో ఇద్దరు ఆదివాసుల్ని కలిపి, లాటరీ తీసి పిలిపించాడు. ఇది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కానీ వాళ్ళు చెప్పిన కొత్త పద్ధతికి రెఫరెండంలో 60 శాతం వస్తేనే చెల్లుతుంది అని గీత కూడా ఆ ప్రభుత్వమే గీసింది. 57.7 శాతం వచ్చింది! 79 నియోజకవర్గాల్లో 77 చోట్ల మెజారిటీ అవునన్నా పోయింది. 2009లో మళ్ళీ పెడితే 39 శాతానికి పడిపోయింది, అప్పటికి ఆ 160 మంది ఎవరో, ఏం చెప్పారో జనం మర్చిపోయారు.

ఐస్‌లాండ్ ఇంకా ఘోరం. 2008 బ్యాంకుల పతనం తర్వాత జనం వీధుల్లోకి వస్తే కొత్త రాజ్యాంగం రాయించారు, 2012 అక్టోబర్‌లో ఓటింగ్ పెడితే మూడింట రెండొంతుల మంది ఇదే ఆధారంగా ఉండాలన్నారు, పార్లమెంటులో పార్టీలు దాన్ని పాస్ చెయ్యలేదు, అంతే. ఫ్రాన్స్‌లో మాక్రాన్ 150 మందిని వాతావరణం మీద కూర్చోబెట్టి మీరేం చెప్పినా వడపోత లేకుండా పంపిస్తా అన్నాడు, 149 సిఫార్సులొచ్చాయి, తర్వాత ఒక్కొక్కటీ వడపోతే.

నేను వీటన్నిట్లో చూసేదొకటే. ప్రశ్న ఎవరు పెట్టారు, జవాబు వచ్చాక ఏం చేస్తామని ముందే రాసిచ్చారా లేదా. మధ్యలో చర్చ ఎంత అద్భుతంగా జరిగినా ఈ రెండు కొసలూ పార్టీ చేతిలో ఉంటే ఫలితం పార్టీ అవసరాన్ని బట్టే ఉంటుంది. బెల్జియంలో జర్మన్ మాట్లాడే చిన్న ప్రాంతం ఉంది, 80 వేల లోపు జనాభా, అక్కడ 2019లో అన్ని పార్టీలూ కలిసి ఏకగ్రీవంగా చట్టం చేసి 24 మంది పౌరుల మండలిని శాశ్వతంగా పెట్టాయి. ఏ విషయం మీద చర్చ జరగాలో ఆ పౌరులే నిర్ణయిస్తారు, సిఫార్సు వచ్చాక ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పార్లమెంటు కమిటీ ఎందుకో వాళ్ళ ముందు చెప్పాలి. మీరడిగిన దానికి దగ్గరగా వచ్చింది నాకు తెలిసి ఇదొక్కటే.

ఓటర్ నంబర్ వన్:

సార్ ఇవన్నీ చిన్న చిన్న దేశాలు, డబ్బున్న దేశాలు. మన దగ్గర అసెంబ్లీలోనే చర్చ లేదు, జనంతో చర్చ ఏం చేస్తారు? 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది, పార్టీ విప్ ఇచ్చిందంటే ఎంపీ నోరు మూసుకుని ఓటెయ్యాల్సిందే, లేకపోతే పదవి పోతుంది. ఐర్లండ్‌లో లాగా మనస్సాక్షి ప్రకారం ఓటెయ్యండి అని మన పార్టీలు చెప్పిన సందర్భం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తెలుగువాళ్ళకి నేను గుర్తుచెయ్యక్కర్లేదు అనుకుంటా. 2010లో శ్రీకృష్ణ కమిటీ వేశారు, లక్షకు పైగా అర్జీలొచ్చాయి, జిల్లాలు తిరిగారు, ఆరు ఆప్షన్లు రాశారు. చివరికి 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి టీవీ ప్రసారం ఆపేసి బిల్లు పాస్ చేశారు. విడిపోవడం తప్పా ఒప్పా అన్నది కాదు నేను చెప్పేది, తెలంగాణ కావాలన్నవాళ్ళకి కూడా అంతకంటే గౌరవంగా జరగాల్సింది. తర్వాత రాజధాని ఎక్కడ అని శివరామకృష్ణన్ కమిటీ అదే 2014లో రాష్ట్రమంతా తిరిగి రిపోర్ట్ ఇస్తే దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం మూడు రాజధానులంది, అప్పుడూ జనాన్ని అడిగింది లేదు. ఒక పార్టీ అని కాదు, మూడు నాలుగు పార్టీల కథ ఇది. భూములిచ్చిన రైతులు ఏళ్ళ తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. అడగకపోతే ఎంత నష్టమో మనకంటే ఎవరికి తెలుసు.

జహీరాబాద్ దిక్కు:

అన్నా, మన దగ్గర కాలేదంటే నేనొప్పుకోను. అయింది, మా దిక్కే అయింది, చానామందికి తెల్వదు గంతే.

2001 జూన్ల మెదక్ జిల్లా ఆల్గోల్ ఊర్ల ప్రజాతీర్పు అని పెట్టిన్రు. అప్పుడు తెలుగుదేశం సర్కారు విజన్ 2020 అని తెచ్చింది, మెకిన్సీ కంపెనీతో తయారు చేయించింది, వ్యవసాయం మీద బతికేటోళ్ళు 70 శాతం నుంచి 40కి తగ్గాలె అని అందుల రాసుంది. మరి తగ్గేటోళ్ళెవరు, వాళ్ళేడికి పోవాలె, ఇది వాళ్ళనెవరు అడిగిన్రు? అందుకని రాష్ట్రంల వేరే వేరే జిల్లాలకెల్లి చిన్న రైతుల్ని, కూలోళ్ళని జ్యూరీ లెక్క కూర్చోబెట్టిన్రు, ఎక్కువమంది ఆడోళ్ళే, సదువు రానోళ్ళు కూడా ఉన్నరు. మూడు తీర్ల భవిష్యత్తు వీడియోల చూపిచ్చిన్రు, ఒకటి సర్కారుది, ఒకటి ఎగుమతి పంటలది, ఒకటి ఊరి తిండి ఊర్లనే పండిచ్చుకునేది. అధికార్లు, కంపెనీ తరఫోళ్ళు, సైంటిస్టులు వచ్చి సాక్షం చెప్పిన్రు, రైతులు వాళ్ళని ప్రశ్నలడిగిన్రు. ఆఖరికి యంత్రాలు, జీఎం విత్తనాలు, భూములకెల్లి జనాన్ని తీసేసుడు మాకొద్దు, మా విత్తనం మా చేతిలనే ఉండాలె అని తీర్పు చెప్పిన్రు. రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జి పర్యవేక్షణల అయింది ఇదంతా. విజన్ 2020కి పైసలిచ్చే బ్రిటన్ల కూడా దీని మీద పెద్ద లొల్లి అయింది.

సర్కారు ఇన్నదా అంటే ఇనలే. నేను చెప్పేది ఏందంటే ప్రతిపక్షం కూడా ఎత్తుకోలే. వాళ్ళకి అది ఎలక్షన్ల పనికొచ్చే ముచ్చట లెక్క కనపడలే. 1997లనే జన్మభూమి సభలు మొదలైనయ్, అధికారులు ఊర్లకొచ్చేటోళ్ళు, అర్జీ ఇయ్యొచ్చు, పింఛన్ అడగొచ్చు, కానీ వ్యవసాయం ఎటు పోవాలె అన్న ముచ్చట గ్రామసభల పెట్టలే. ఆ తర్వాతొచ్చిన పార్టీలన్నీ గంతే, పేర్లు మారినయ్, ప్రజావాణి అన్నరు, గడప గడపకు అన్నరు. అడుక్కునుడు ఉన్నది, ఆలోచించుడు లేదు. మా అమ్మ అసొంటోళ్ళు మెకిన్సీకి ఎదురు నిలబడి మాట్లాడగలరని ఆల్గోల్ల కండ్లారా చూసినోళ్ళున్నరు, అది యాదికొస్తే ఇయ్యాల్టికీ గర్వంగుంటది.

వైట్‌ఫీల్డ్ వాసి:

అన్నా ఇది నాకు అస్సలు తెలియదు, చాలా థ్యాంక్స్. లెక్చరర్ గారూ ఒక డౌట్. పార్టీ తన లోపల, అంటే టికెట్ ఎవరికివ్వాలి లాంటివాటికి ఈ పద్ధతి వాడిన పార్టీ ఉందా? ఇప్పుడు ఐవీఆర్ఎస్ కాల్స్ వస్తున్నాయి కదా, మీ అభ్యర్థి ఎవరైతే బాగుంటుంది ఒకటి నొక్కండి రెండు నొక్కండి అని, అది దీని కిందికి వస్తుందా?

అనంతపురం లెక్చరర్:

రాదండి. నంబర్ నొక్కడం సర్వే. ఆమ్ ఆద్మీ పార్టీ 2022 జనవరిలో పంజాబ్ సీఎం అభ్యర్థి ఎవరు కావాలని జనాన్ని ఫోన్ల ద్వారా అడిగింది, 93 శాతం భగవంత్ మాన్ అన్నారని ప్రకటించింది. ఎన్ని లక్షల మంది ఫోన్ చేసినా వాళ్ళెవరూ ఒకరి మాట ఒకరు వినలేదు కదా. వినకముందు ఉన్న అభిప్రాయం వేరు, ఎదుటివాడి కష్టం విన్నాక ఉండే అభిప్రాయం వేరు, ఆ రెండోదే మనక్కావాలి.

ఒక్క ఉదాహరణ ఉంది. 2006లో గ్రీస్‌లో పాసోక్ పార్టీ, జార్జ్ పపాండ్రూ నాయకుడు, ఏథెన్స్ పక్కన మరూసి అనే ఊళ్ళో మేయర్ టికెట్ కోసం ఆరుగురు ఆశావహులుంటే లాటరీలో తీసిన మామూలు ఓటర్లని పిలిచి, ఊరి సమస్యల మీద చదువుకోవడానికి కాగితాలిచ్చి, రోజంతా ఆ ఆరుగుర్నీ ప్రశ్నలడిగించి చివర్లో వాళ్ళతోనే ఓటేయించి టికెట్ ఇచ్చింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జేమ్స్ ఫిష్కిన్ పద్ధతి అది. నాకు తెలిసి దాన్ని వేరే పార్టీలు అందుకోలేదు. టికెట్ అంటే పార్టీకి ప్రాణం, అది బయటివాళ్ళ చేతిలో పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. మన దగ్గర టికెట్ ఎలా వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

కోలార్ ఇంటి తెలుగు:

నేను ఇక్కడే పుట్టి పెరిగా, ఇంట్లో తెలుగు బయట కన్నడ. ఐర్లండ్ దాకా వెళ్ళారు బానే ఉంది, మన వార్డులో చట్టం ఏం ఇచ్చిందో కూడా చూద్దాం సార్, ఎందుకంటే నాకు దీని మీద చాలా కోపం, చాలా ఆశ కూడా.

74వ సవరణ ప్రకారం 3 లక్షలు దాటిన ప్రతి ఊళ్ళో వార్డ్ కమిటీలుండాలి. అది 1993 నుంచి అమల్లో ఉంది. కర్ణాటకలో 2011లో గానీ ప్రతి వార్డుకీ కమిటీ, కింద ఏరియా సభ అని చట్టంలో రాయలేదు. బెంగళూరులో అవి కొంచెమైనా కదిలాయంటే కోర్టు కేసుల వల్ల, వెంటపడిన జనం వల్ల, ఏ పార్టీ కూడా తనంతట తాను ఇష్టంగా చెయ్యలేదు. బీజేపీ ఉన్నా కాంగ్రెస్ ఉన్నా జేడీఎస్ ఉన్నా ఇదే. ఆ 2011 చట్టం కింద సభ్యుల్ని లాటరీ తియ్యలేదు, నామినేట్ చేశారు, అంటే కార్పొరేటర్ మనుషులు, మహా అయితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెద్దలు. మీ కూరగాయల ఆవిడ అందులోకి ఎప్పుడొస్తుంది? ఆవిడ కోసం వేరే చట్టం ఉంది మరి, 2014 వీధి వ్యాపారుల చట్టం, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులుండాలి, బండ్లు ఎక్కడ పెట్టాలి అన్నది అక్కడ మాట్లాడాలి, అసోసియేషన్ల వాళ్ళకి కూడా చోటుంది. మీ గేటు ముందు గొడవ తేల్చడానికి చట్టబద్ధమైన చోటు ఉందన్నమాట. ఫారం పంచిన పార్టీ వాళ్ళు ఆ మాటే చెప్పలేదు చూడండి.

చిన్న దేశాలకే అన్నవాళ్ళకి కేరళ చూపిస్తా. 1996లో ఎల్డీఎఫ్, అంటే వామపక్షాల కూటమి, ప్రజాప్రణాళిక మొదలుపెట్టి ప్లాన్ డబ్బులో 35 నుంచి 40 శాతం పంచాయతీలకీ మునిసిపాలిటీలకీ ఇచ్చేసింది, గ్రామసభల్లో కూర్చుని జనమే ప్రాధాన్యాలు రాశారు. 2001లో కాంగ్రెస్ కూటమి యూడీఎఫ్ వచ్చింది, పేరు మార్చింది గానీ ఎత్తెయ్యలేకపోయింది, ఎందుకంటే అప్పటికే చట్టాల్లో ఉంది, డబ్బు నేరుగా వస్తోంది, యూడీఎఫ్ సర్పంచులు కూడా వదులుకోరు. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రీ 1989లో వర్కర్స్ పార్టీ చేతిలో జనం బడ్జెట్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది, ఆ పార్టీ 2004లో ఓడాక మెల్లగా నీరసించి 2017లో ఆపేశారు. అందుకే ఒక పార్టీ మంచితనం మీద ఆధారపడొద్దు అంటాను, అది ఎంత మంచి పార్టీ అయినా.

ఇంకా నియమగిరి. 2013లో సుప్రీంకోర్టు చెప్తే ఒడిశాలో 12 గ్రామసభలు పెట్టారు, బాక్సైట్ తవ్వకాలు కావాలా వద్దా అని. ఆ 12 ఊళ్ళూ రాష్ట్ర ప్రభుత్వమే ఎంచుకుంది, 12కి 12 వద్దన్నాయి. కంపెనీ ఆగింది. గ్రామసభలు చెప్పింది చూసుకునే కేంద్ర పర్యావరణ శాఖ తుది నిర్ణయం తీసుకోవాలి అని కోర్టు ముందే చెప్పింది కాబట్టే ఆగింది, లెక్చరర్ సార్ చెప్పిన రెండో కొస అదే.

వైట్‌ఫీల్డ్ వాసి:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. మరి వచ్చే వారం అభ్యర్థులు మా క్లబ్ హౌస్‌కి వస్తామంటున్నారు. వాళ్ళని ఏమడగాలి? సమస్యల లిస్ట్ మళ్ళీ ఇచ్చి లాభం లేదని అర్థమైంది.

కోలార్ ఇంటి తెలుగు:

లిస్ట్ ఇవ్వకండి. వార్డ్ కమిటీలో సగం మందినైనా ఓటర్ల లిస్ట్ నుంచి లాటరీ తీస్తారా అని అడగండి. చట్టంలో నామినేషన్ అని ఉన్న చోట కూడా లాటరీలో వచ్చిన పేర్లనే నామినేట్ చెయ్యమని కార్పొరేటర్ సిఫార్సు చెయ్యడానికి ఏం అడ్డం? కమిటీ చెప్పింది చెయ్యకపోతే కారణం రాతపూర్వకంగా వార్డ్ ఆఫీసు గోడ మీద అంటిస్తారా అని అడగండి. ఒప్పుకుంటే అక్కడే కన్నడలో రాయించి సంతకం తీసుకోండి. మీటింగ్ మాత్రం క్లబ్ హౌస్‌లో పెట్టొద్దు, మీ సెక్యూరిటీ గేటు దాటి బండ్ల వాళ్ళు రారు. దగ్గర్లో గవర్నమెంట్ స్కూల్ ఉంటే హెడ్‌మాస్టర్‌ని అడగండి, ఆదివారం పొద్దున వాళ్ళకి బేరం టైమ్, అందుకని మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టండి.

జహీరాబాద్ దిక్కు:

అవునన్నా, గా టైమ్ ముచ్చట మస్తు ముఖ్యం. ఇంకోటి, ముందుగాల వాళ్ళని మాట్లాడనియ్యున్రి, మీ అసోసియేషన్ సార్లని తర్వాత. మైకు ముందు పెద్దోళ్ళకిస్తే మిగిలినోళ్ళు నోరు తెరవరు. నేను కాడుగోడిలనే ఉంటా, కుర్చీలు ఏసుటానికి మనుషులు కావాలంటే మెసేజ్ పెట్టు, మా దోస్తులతో వస్తా.